పేజీ కిందికి జరిపితే టేబుల్ హెడింగులు మాయం, స్టికీ పెట్టినా అతుక్కోవట్లేదు

పాలకేంద్రం శీను (ఆదివారం రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మా నాన్న ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. నోటు పుస్తకంలో ఉండే లెక్కలన్నీ నేను వెబ్ పేజీలోకి ఎక్కించాను. 112 మంది సభ్యులు, రోజుకు రెండు పూటలు, పదిహేను రోజులకో బిల్లు. అందరూ రెండు పూటలా పోస్తే ఒక బిల్లుకు 3,360 వరసలు. కాలమ్‌లు తొమ్మిది: సభ్యత్వ సంఖ్య, పేరు, తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే ఘనపదార్థం), రేటు, మొత్తం.

మొన్న శనివారం ఒక పెద్దాయన వచ్చి "నా గేదె పాలకు ఎంత ఫ్యాట్ వచ్చిందో చూడు" అన్నాడు. నాన్న కిందికి జరిపి, ఆయన పేరు పట్టుకుని, స్క్రీను మీద వేలు పెట్టి "8.8" అన్నాడు. పెద్దాయన మొహం వెలిగిపోయింది. తీరా బిల్లు చేతికిస్తే 6.4 లెక్కన ఉంది. ఇంకేముంది, రచ్చ. నాన్న వేలు పెట్టింది ఎస్‌ఎన్‌ఎఫ్ కాలమ్ మీద. అప్పటికే హెడింగులు పైకి వెళ్లిపోయాయి, కింద అన్నీ అంకెలే.

హెడింగులకు సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపం చెప్పే కోడ్) పొజిషన్ స్టికీ, టాప్ 0 పెట్టాను, అంటే పేజీ జరిగినా పై అంచుకు అతుక్కుని ఉండమని. అస్సలు అతుక్కోవట్లేదు. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఒకటే తంతు. అదే కోడ్ వేరే ఖాళీ పేజీలో పెడితే మాత్రం చక్కగా పనిచేస్తోంది. తప్పెక్కడో అర్థం కావట్లేదు.

డల్లాస్ బావ (ఆదివారం రాత్రి 9:40)

తమ్ముడూ, ఈ రోజుల్లో చేత్తో టేబుల్ ఎవరు రాస్తున్నారు? ఏజీ గ్రిడ్ లాంటి రెడీమేడ్ టేబుల్ లైబ్రరీ వాడేసెయ్. హెడింగులు వాటంతటవే నిలుస్తాయి, సార్టింగ్, ఫిల్టర్ అన్నీ వస్తాయి.

సెమికోలన్ (ఆదివారం రాత్రి 9:58)

బావగారూ, దోమ కుట్టిందని ఇల్లు ఖాళీ చేయమన్నట్టుంది మీ సలహా :)

శీనూ, ఖాళీ పేజీలో పనిచేసి ఇక్కడ చేయట్లేదంటే హెడింగుది తప్పు కాదు. దాని పై వాళ్లది. టేబుల్ ఒక డివ్‌లో (పేజీలో పెట్టెలాంటి ముక్క), ఆ డివ్ ఇంకో డివ్‌లో ఉంటుంది కదా. వీటిలో ఏ ఒక్కదానికి ఓవర్‌ఫ్లో (లోపల పట్టనిదాన్ని ఏం చేయాలన్న సెట్టింగు) హిడెన్, ఆటో, స్క్రోల్ ఉన్నా స్టికీ దాన్నే తన గది అనుకుంటుంది. నువ్వు జరిపేది పేజీని, అది కాచుకుని కూర్చునేది ఆ గది జరగడం కోసం. ఆ గదేమో జరగదు. అందుకే నీకు అతుక్కోనట్టు కనిపిస్తుంది.

బ్రౌజర్ ఇన్‌స్పెక్టర్ తెరిచి, టీహెచ్ (హెడింగు గడి) మీద మొదలుపెట్టి ఒక్కో మెట్టు పైకి ఎక్కు. ప్రతి మెట్టు దగ్గర కంప్యూటెడ్ ట్యాబ్‌లో (బ్రౌజర్ చివరికి ఏం తీసుకుందో చూపేది) ఓవర్‌ఫ్లో చూడు. విజిబుల్ కానిది ఎక్కడ కనిపిస్తే అదే దొంగ. ఏం దొరికిందో ఇక్కడ రాయి.

(ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నాను, మాటిమాటికీ మార్చే ఓపిక లేదు. కోడ్ పేర్లు కూడా తెలుగులోనే చదువుకో.)

పాలకేంద్రం శీను (ఆదివారం రాత్రి 10:31)

అక్కా, ఒకటి కాదు, ఇద్దరు దొంగలు దొరికారు.

మొదటిది "కార్డ్" అనే డివ్. మూలలు గుండ్రంగా రావాలని ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టుకున్నది నేనే. రెండోది బూట్‌స్ట్రాప్ (రెడీమేడ్ సీఎస్‌ఎస్ కట్ట) వాళ్ల టేబుల్ రెస్పాన్సివ్ డివ్, దానికి ఓవర్‌ఫ్లో ఎక్స్ ఆటో ఉంది. అది అడ్డానికి కదా అక్కా? నేను జరిపేది నిలువునా. అది కూడా అడ్డమేనా?

సెమికోలన్ (ఆదివారం రాత్రి 10:44)

అదే అసలు అడ్డం. నెలకొకరైనా ఇదే అడుగుతారు.

మొదటిది తేలిక. హిడెన్ తీసి క్లిప్ పెట్టు. మూలలు అలాగే గుండ్రంగా ఉంటాయి, క్లిప్ మాత్రం స్క్రోల్ గదిని కట్టదు. క్రోమ్ 90, ఫైర్‌ఫాక్స్ 81, సఫారీ 16 నుంచి ఉంది.

రెండోదే మొండిది. ఓవర్‌ఫ్లో ఎక్స్‌కి ఆటో ఇచ్చి వైని విజిబుల్‌గా వదిలేస్తే బ్రౌజర్ వైని కూడా ఆటో చేసేస్తుంది. నియమమే అలా ఉంది. అంటే అడ్డానికని పెట్టిన గది నిలువుకు కూడా గదే.

ఓరుగల్లు దేవ్ (ఆదివారం రాత్రి 11:05)

గట్లైతే ఎక్స్‌కి ఆటో, వైకి క్లిప్ పెడితే అయిపోద్ది కదా అక్కా? క్లిప్ గది కట్టదని నువ్వే అంటివి.

సెమికోలన్ (ఆదివారం రాత్రి 11:09)

నేనూ ఒకప్పుడు అదే ఆశతో పెట్టి చూశాను దేవ్. ఒక దిక్కు క్లిప్ ఉండి రెండో దిక్కు ఆటో అయితే ఆ క్లిప్ కాస్తా హిడెన్‌గా మారిపోతుంది. మళ్లీ మొదటికే. కంప్యూటెడ్ ట్యాబ్‌లో చూడు, రాసింది ఒకటి, కనిపించేది ఇంకొకటి.

ఓరుగల్లు దేవ్ (ఆదివారం రాత్రి 11:21)

నిజమే, చూసిన. క్లిప్ అని రాస్తే హిడెన్ అని చూపెడుతుంది. ఏందో ఈ లొల్లి.

ఇంకో మాట. కొంతమంది పేజీ పక్కకు ఊగుతుందని హెచ్‌టీఎంఎల్‌కి, బాడీకి రెండింటికీ ఓవర్‌ఫ్లో ఎక్స్ హిడెన్ పెడతరు. బాడీ ఒక్కదానికి పెడితే అది మొత్తం కిటికీకి పోతది, స్టికీకి ఏం కాదు. రెండింటికీ పెడితే బాడీ తనే ఒక గది అయి కూసుంటది. మా ఆఫీసుల దీనికి ఒక రోజు మొత్తం పోయింది. శీను తమ్మీ, అది కూడా చూసుకో.

పాతకాపు 98 (సోమవారం ఉదయం 6:15)

ఈ ప్రశ్న చూస్తే నవ్వొచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది. 1997లో హెచ్‌టీఎంఎల్ 4.0 వచ్చినప్పుడే టేబుల్‌ను టీహెడ్ (హెడింగుల భాగం), టీబాడీ (ఒళ్లు) అని విడదీసి, హెడింగులు నిలిచి ఉండగా ఒళ్లు మాత్రం జరిగేలా బ్రౌజర్లు చేసుకోవచ్చని రాశారు. చేసుకోవచ్చని రాశారు తప్ప చేయాలని రాయలేదు. ఇక చేసేదెవరు?

మా రోజుల్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 కోసం సీఎస్‌ఎస్‌లోనే ఎక్స్‌ప్రెషన్ అని రాసేవాళ్లం. గది ఎంత జరిగితే హెడింగు అంత కిందికి దిగాలి అని లెక్క కట్టే ముక్క అది. మౌస్ కదిలినా, కదలకపోయినా ఆ లెక్క మళ్లీ మళ్లీ నడిచేది, 300 వరసలకే కంప్యూటరు రొప్పేది. మరో పద్ధతి రెండు టేబుళ్లు: పైన హెడింగులకొకటి, కింద అంకెలకొకటి. పై వెడల్పులూ కింది వెడల్పులూ కలవక, స్క్రోల్ బారు కోసం కుడి పక్క 17 పిక్సెళ్లు అదనంగా వదిలి, ఇంకో కంప్యూటరులో చూస్తే అదీ తప్పి... పాత చొక్కాకి కొత్త చేతులు కుట్టినట్టుండేది.

ఆ తర్వాత జేక్వెరీ (జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ప్లగిన్లు వచ్చాయి. అవి హెడింగు వరసకు నకలు తీసి పైన తగిలించేవి. చూడ్డానికి బాగానే ఉండేది.

స్టికీ కూడా తిన్నగా ఏం రాలేదు. ఫైర్‌ఫాక్స్‌లో 2014లోనే వచ్చింది కానీ టేబుల్ ముక్కలకు పనిచేయడానికి 2018లో 59వ వెర్షన్ దాకా ఆగాల్సి వచ్చింది. క్రోమ్ ప్రయోగంగా పెట్టి, తీసేసి, మళ్లీ 2017లో 56తో తెచ్చింది. అప్పుడూ టీహెచ్‌కే. టీహెడ్ మొత్తానికి పనిచేసింది 2021లో 91వ వెర్షన్ నుంచి, టేబుల్ ఇంజిన్‌ను తిరగరాశాక. అందుకే నెట్‌లో దొరికే పాత సలహాల్లో "టీహెడ్‌కి పెట్టకండి, టీహెచ్‌కే పెట్టండి" అని ఉంటుంది. అప్పట్లో అది నిజమే.

వినికిడి (సోమవారం ఉదయం 8:02)

నేను స్క్రీన్ రీడర్‌తో (తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదువుతాను, దాని పేరు ఎన్‌వీడీఏ. పాతకాపు గారు చెప్పిన నకలు హెడింగులు నాకు బాగా గుర్తు. ప్రతి హెడింగూ రెండుసార్లు వినాల్సి వచ్చేది, ఒకసారి అసలు, ఒకసారి నకలు. టీబాడీకి డిస్‌ప్లే బ్లాక్ పెట్టి జరిపే పద్ధతి ఇంకా ఘోరం. దానితో అది టేబుల్ అన్న సంగతే రీడర్‌కి తెలియకుండా పోయే సందర్భాలుండేవి. అంకెలు వరసగా వినిపిస్తాయి, దేని అంకె ఏదో తెలియదు. శీను గారి నాన్నగారి బాధే, నాది చెవులతో.

సరిగ్గా రాసిన టేబుల్‌లో నాకు హెడింగు ఎప్పుడూ పైకి పోదండీ. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని కుడి బాణం నొక్కుతూ పోతే "ఫ్యాట్, 6.4", "ఎస్‌ఎన్‌ఎఫ్, 8.8" అని కాలమ్ పేరుతో సహా చెబుతుంది. దానికి మీరు చేయాల్సింది చిన్నపని: హెడింగులు టీడీలో (మామూలు గడి) బోల్డ్ చేసి కాకుండా టీహెచ్‌లో రాసి, స్కోప్ కాల్ (ఇది కాలమ్ హెడింగని చెప్పే గుర్తు) ఇవ్వండి. పేరు గడికి కూడా టీహెచ్, స్కోప్ రో ఇస్తే వరస మారినప్పుడు ఎవరి లెక్కో కూడా చెబుతుంది.

పాలకేంద్రం శీను (సోమవారం ఉదయం 8:20)

వినికిడి గారూ, సిగ్గుతో చెబుతున్నా, నావన్నీ టీడీలో బోల్డ్‌వే. ఇవాళే మారుస్తాను.

అక్కా, టేబుల్ రెస్పాన్సివ్ తీసేస్తే హెడింగులు నిలిచాయి! కానీ నాన్న ఫోన్‌లో తొమ్మిది కాలమ్‌లూ పట్టక పేజీ మొత్తం పక్కకు ఊగుతోంది. అది ఉంటే ఇది లేదు, ఇది ఉంటే అది లేదు.

సెమికోలన్ (సోమవారం మధ్యాహ్నం 1:15)

రెండూ కావాలంటే ఒకటే దారి: ఆ గదినే అసలు గది చేసెయ్. దానికి ఓవర్‌ఫ్లో ఆటో ఉంచి, మాక్స్ హైట్ 75 డీవీహెచ్ (తెర ఎత్తులో 75 శాతం) ఇవ్వు. ఇప్పుడు నిలువుగా జరిగేది పేజీ కాదు, ఆ గదే. స్టికీ దేని కోసం కాచుకుని కూర్చుందో అదే జరుగుతుంది కాబట్టి అతుక్కుంటుంది, అడ్డంగానూ జరుగుతుంది.

వీహెచ్ కాకుండా డీవీహెచ్ ఎందుకంటే, ఫోన్‌లో అడ్రస్ బారు దాక్కుంటూ బయటికొస్తూ ఉంటుంది కదా, వీహెచ్‌కి అది పట్టదు, గది అడుగు భాగం తెర కిందికి పోతుంది.

75 దాటించకు. గది తెర మొత్తాన్నీ కమ్మేస్తే వేలు ఎక్కడ పెట్టినా టేబులే జరుగుతుంది, పేజీ కిందికి పోదు. నాన్నగారు ఫోన్ పాడైందనుకుంటారు.

గదికి ట్యాబ్‌ఇండెక్స్ 0, రోల్ రీజియన్, ఒక పేరు పెట్టు. మౌస్ లేనివాళ్లు కీబోర్డుతో గదిలోకి వచ్చి బాణాలతో జరుపుకుంటారు.

పాలకేంద్రం శీను (సోమవారం రాత్రి 9:47)

నిలిచింది! అడ్డంగా నిలువుగా రెండూ.

కానీ చూడ్డానికి దయ్యంలా ఉంది. అంకెలు హెడింగు వెనక నుంచి పైకి పోతూ "ఫ్యాట్" మీద "6.1" కలిసిపోయి కనిపిస్తోంది. హెడింగు కింద నల్ల గీత కూడా కిందికి జరపగానే మాయం. పేరు కాలమ్ కూడా ఎడమ పక్క నిలపాలని లెఫ్ట్ 0 ఇచ్చా, పేర్లు హెడింగు మీదికెక్కి పోతున్నాయి.

ఓరుగల్లు దేవ్ (సోమవారం రాత్రి 10:10)

మూడింటికి మూడు మందులు తమ్మీ.

హెడింగుకు బ్యాక్‌గ్రౌండ్ రంగు లేదు, అందుకే అద్దం లెక్క కనిపిస్తుంది. గట్టి రంగు ఇయ్యి, పారదర్శకం వద్దు. టీఆర్‌కి (మొత్తం వరసకు) కాదు, ఒక్కో టీహెచ్‌కి ఇయ్యి.

గీత మాయం ఎందుకంటే బోర్డర్ కొలాప్స్, అంటే పక్కపక్క గడుల గీతలను ఒకటిగా కలిపే సెట్టింగు. కొలాప్స్‌ల గీతలు గడివి కావు, టేబుల్‌వి. గడి అతుక్కొని నిలబడ్డా గీత టేబుల్‌తోనే పోతది. కొలాప్స్ తీసి సపరేట్ పెట్టు, బోర్డర్ స్పేసింగ్ 0 ఇయ్యి, గీతలు ఒక్కో గడికి కింద, కుడి పక్క మాత్రమే ఇయ్యి. లేకుంటే డబుల్ గీతలొస్తయ్.

పేర్లు మీదికెక్కుడు జెడ్-ఇండెక్స్ (ఏది దేని మీద ఉండాలన్న అంకె) లొల్లి. పేరు గడికి 1, హెడింగులకు 2, ఎడమ పైమూల గడికి 3. ఆ మూలగడి రెండు దిక్కులా అతుక్కోవాలె, టాప్ 0, లెఫ్ట్ 0 రెండూ. దాన్ని మర్చిపోతరు అందరు.

సభ్యత్వ సంఖ్య కాలమ్ కూడా నిలపాలంటే పేరుకు లెఫ్ట్ 0 కాదు, సంఖ్య కాలమ్ వెడల్పు ఎంతో అంత ఇయ్యాలె. ఫోన్‌ల మాత్రం పేరొక్కటే నిలుపు. రెండు నిలిపితే అంకెలకు జాగా ఉండదు.

పాలకేంద్రం శీను (మంగళవారం మధ్యాహ్నం 2:30)

దేవ్ అన్నా, మూడు మందులూ పనిచేశాయి. థ్యాంక్స్.

ఇంకో కొత్త తిప్పలు. హెడింగును రెండు వరసలు చేశా. పైన "పొద్దున", "సాయంత్రం", వాటి కింద లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండేసి సార్లు. ఇప్పుడు ఒక సభ్యుడికి రోజుకు ఒకే వరస, సగం బరువు తగ్గింది. రెండో హెడింగు వరసకు టాప్ 41 పిక్సెళ్లు ఇచ్చా, కొలిచే ఇచ్చా. నా ల్యాప్‌టాప్‌లో బాగుంది, నాన్న ఫోన్‌లో రెండో వరస సగం మొదటి దాని కిందికి దూరింది.

సెమికోలన్ (మంగళవారం సాయంత్రం 5:52)

ఇది మన భాష తెచ్చిన తంటా. తెలుగు ఫాంటు నెట్ నుంచి దిగేదాకా వేరే ఫాంటుతో ఒక ఎత్తు ఉంటుంది, దిగాక ఇంకో ఎత్తు. పైగా ఇంగ్లీషు టెంప్లేట్లలో లైన్ హైట్ 1.2 ఉంటుంది. మన వత్తులకు అది చాలదు. "సభ్యత్వ సంఖ్య" అన్న రెండు మాటల్లోనే మూడు వత్తులు కిందికి దిగాలి. ఇరుకులో అవి కింది గీతను కొడతాయి, లేదా తెగుతాయి. 1.6 పెట్టు.

41 అన్న అంకెను మాత్రం మర్చిపో. ఒక్కో టీహెచ్‌కి స్టికీ ఇవ్వడం మానేసి టీహెడ్ మొత్తానికి పొజిషన్ స్టికీ, టాప్ 0 ఇవ్వు. రెండు వరసలూ ఒకే కట్టగా కదులుతాయి, ఎత్తు ఎంతున్నా నీకు లెక్క అక్కర్లేదు. పాతకాపు గారు చెప్పిన 2021 మార్పు పుణ్యమే ఇది. అప్పుడు జెడ్-ఇండెక్స్ కూడా టీహెడ్‌కే ఇవ్వాలి. మూలగడికి మాత్రం లెఫ్ట్ 0 విడిగా ఉంచు.

డల్లాస్ బావ (మంగళవారం రాత్రి 8:15)

మూడు రోజులైంది. ఏజీ గ్రిడ్ అయితే మూడు గంటలు :)

సెమికోలన్ (మంగళవారం రాత్రి 8:40)

బావగారూ, మీ మాట పూర్తిగా కొట్టిపారేయను. 50,000 వరసలుంటే నేనూ గ్రిడ్డే వాడతాను. కానీ అది తెరమీద కనిపించే వరసల్నే పేజీలో ఉంచుతుంది. బ్రౌజర్‌లో కంట్రోల్ ఎఫ్ కొట్టి పేరు వెతికితే దొరకదు, మామూలుగా ప్రింట్ కొడితే కనిపించినంతే వస్తుంది. శీను వాళ్ల దగ్గర ఆ రెండే రోజూ చేసే పనులు.

వరసలు ఎక్కువనిపిస్తే రోజును బట్టి విడదీసి చూపించు శీనూ. రోజుకు 112 వరసలే కదా.

పాలకేంద్రం శీను (బుధవారం రాత్రి 9:05)

రోజువారీగా విడదీశా. నాన్న ఫోన్‌లో ఇప్పుడు వెన్నలా జరుగుతోంది. సభ్యత్వ సంఖ్య కొడితే ఆ వరస దగ్గరికి దూకే లంకె కూడా పెట్టా. అయితే దూకిన వరస హెడింగు కింద దాక్కుంటోంది. 57 కొడితే కళ్లకు 58 కనపడుతోంది. మళ్లీ ఇంకో పెద్దాయనతో రచ్చ తప్పదేమో!

వినికిడి (బుధవారం రాత్రి 9:33)

గదికి స్క్రోల్ ప్యాడింగ్ టాప్ ఇవ్వండి, హెడింగుల ఎత్తు కంటే కాస్త ఎక్కువ. దూకినప్పుడు ఆ మేర వదిలి ఆగుతుంది. ట్యాబ్ కీతో లంకెలు దాటుకుంటూ వచ్చేవాళ్లకు కూడా ఇదే కావాలి. ఫోకస్‌లో ఉన్నది అతుక్కున్న పట్టీ కింద పూర్తిగా మాయం కాకూడదని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో (వెబ్ పేజీలు వికలాంగులకూ అందేలా చేసే మార్గదర్శకాలు) ప్రత్యేకంగా నియమం పెట్టారు.

పాలకేంద్రం శీను (గురువారం ఉదయం 7:10)

సరిపోయింది. 57 అంటే 57కే ఆగింది. కింద "మొత్తం" వరసను కూడా టీఫుట్‌లో (టేబుల్ అడుగు భాగం) పెట్టి బాటమ్ 0తో నిలిపా. పైన హెడింగులు, కింద మొత్తం, మధ్యలో అంకెలు జరుగుతున్నాయి. నాన్న రెండు నిమిషాలు ఊరికే పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాడు.

ప్రింట్ కొడితే మాత్రం గదిలో కనిపించేవరకే, 20 వరసలే వస్తున్నాయి.

పాతకాపు 98 (గురువారం ఉదయం 7:45)

మీడియా ప్రింట్ అని విడిగా రాసి, అందులో గదికి మాక్స్ హైట్ నన్, ఓవర్‌ఫ్లో విజిబుల్, టీహెడ్‌కీ టీఫుట్‌కీ పేరు గడులకీ పొజిషన్ స్టాటిక్ ఇవ్వండి. కాగితం మీద హెడింగులు ప్రతి పేజీలో వాటంతటవే వస్తాయి, టీహెడ్‌కి ఆ గుణం ముందునుంచీ ఉంది.

పాలకేంద్రం శీను (గురువారం రాత్రి 9:20)

వచ్చాయి మాస్టారూ, ప్రతి పేజీలో హెడింగులున్నాయి. కానీ మొత్తం కూడా ప్రతి పేజీలో వస్తోంది! నాలుగు పేజీలకూ అదే అంకె. ఒకాయన చూసి "ఈ నాలుగూ కలిపితే కదా మొత్తం" అన్నాడు. నాన్న నా వంక చూశాడు.

పాతకాపు 98 (గురువారం రాత్రి 9:31)

హహహ. టీఫుట్‌కీ అదే గుణం ఉందండీ, చెప్పడం మరిచాను. ప్రింట్ భాగంలో టీఫుట్‌కి డిస్‌ప్లే టేబుల్ రో గ్రూప్ అని ఇవ్వండి. చివరి పేజీలో ఒక్కసారే వస్తుంది.

పాలకేంద్రం శీను (శుక్రవారం ఉదయం 5:50)

వచ్చింది, చివర ఒక్కసారే. పాలు పోసేవాళ్లు వచ్చేశారు, మిగతాది సాయంత్రం రాస్తాను. ఆ 8.8 పెద్దాయన వరసలో రెండోవాడు, ఫోన్ చూపించమంటున్నాడు.